స్వల్ప శీతకాలంలో పెరటి కూరగాయలు: ఝరాసంగం ప్రాంతానికి తగిన ప్రణాళిక

లడఖ్‌లోని లేహ్ వంటి అతిశీతల ప్రాంతాల్లో కూరగాయల సాగుకు వేసవి చాలా స్వల్పం. మంచు కరిగినది మొదలు నేల తిరిగి గడ్డకట్టే వరకు లభించే నాలుగైదు నెలల్లోనే పంట చేతికి రావాలి. అందుచేత అక్కడ పంట ముగియవలసిన తేదీ నుండి వెనుకకు లెక్కించి, పాలిథిన్ కప్పిన కందకాల్లో ముందుగానే నారు పెంచి, నేల వెచ్చబడగానే నాటుతారు. సంగారెడ్డి జిల్లా ఝరాసంగం మండలంలో పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. ఇక్కడ కొరత వేసవికి కాదు, చలికి. అయినప్పటికీ లెక్క వేయవలసిన తీరు ఒక్కటే.

జహీరాబాద్ ప్రాంతం ఎత్తైన పీఠభూమిపై ఉన్నందున శీతకాలపు రాత్రులు చల్లగా ఉంటాయి. రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో ఇదే ప్రాంతంలోని కోహీర్ పేరు తరచు వినిపిస్తుంది. ఆలుగడ్డ సాగు ఇక్కడ నిలదొక్కుకోవడానికి ఈ చలియే ముఖ్య కారణం. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీలు దాటితే దుంప ఊరడం తగ్గుతుంది. అయితే నికరమైన చలి నవంబరు రెండవ వారం నుండి జనవరి చివరి వరకు, అనగా సుమారు 80 రోజులు మాత్రమే లభిస్తుంది.

గోల్డెన్ ఏకర్ క్యాబేజీని ఉదాహరణగా తీసుకుందాం. నారుమడిలో 30 రోజులు, నాటిన తరువాత 65 రోజులు, మొత్తం 95 రోజులు. జనవరి 31 నాటికి కోత పూర్తి కావాలంటే అక్టోబరు 28 లోపు, అనగా స్వాతి కార్తె తొలి రోజుల్లోనే విత్తనం నారుమడిలో పడాలి. డిసెంబరు 5న విత్తితే కోత మార్చి 10కి చేరుతుంది. గడ్డ కట్టే దశలో ఎండ ముదిరి, గడ్డ వదులుగా, చిన్నదిగా మిగులుతుంది. ఎరువు, నీరు ఎంత ఇచ్చినా ఈ నష్టం పూడదు.

కాలీఫ్లవర్‌లో తేదీతో పాటు రకం కూడా ముఖ్యం. పూసా దీపాలి వంటి స్వల్పకాలిక రకాలు 20 డిగ్రీలకు పైబడిన ఉష్ణోగ్రతలోనూ పువ్వు కడతాయి. వీటిని ఆలస్యంగా నాటితే మొక్క ఎదగకముందే బొత్తాము వంటి చిన్న పువ్వు వస్తుంది. స్నోబాల్ రకాలకు 10–16 డిగ్రీల చలి అవసరం కనుక ఈ ప్రాంతపు పెరటికి అవి నమ్మదగినవి కావు.

పెరటి ప్రణాళికను కార్తెల వారీగా ఈ విధంగా రూపొందించుకోవచ్చు.

హస్త, చిత్త కార్తెలు: క్యాబేజీ, కాలీఫ్లవర్, టమాట నారుమళ్ళు. వానలు పూర్తిగా వెనుదిరగవు కనుక 15 సెం.మీ. ఎత్తైన మడులపై నారు పోసి, నారుకుళ్ళు రాకుండా మురుగునీరు పోయే ఏర్పాటు చేయాలి.

స్వాతి, విశాఖ కార్తెలు: ఆలుగడ్డ, క్యారెట్, బీట్‌రూట్, బఠాణీ నేరుగా విత్తాలి, పెరిగిన నారును నాటాలి.

అక్టోబరు నుండి డిసెంబరు మధ్య వరకు: పాలకూర, మెంతికూర, కొత్తిమీర, ముల్లంగి 15 రోజుల వ్యవధితో చిన్న చిన్న మడుల్లో విత్తితే కూర ఒకేసారి వచ్చి వృథా కాదు.

జనవరి చివర: ఖాళీ అయిన మడుల్లో బెండ, గోరుచిక్కుడు, తోటకూర, పందిరి కింద బీర, సొర. ఎండకు ఓర్చే పంటలు వేసవిని ఆక్రమిస్తాయి.

ఎర్ర నేలలు త్వరగా ఆరుతాయి కనుక పశువుల ఎరువు, ఆకుల ఆచ్ఛాదన తప్పనిసరి. నల్లరేగడిలో దుంపకూరలను బోదెలపైనే వేసుకోవాలి.

విస్తరణ విభాగం గమనించవలసిన అంశం ఒకటి ఉన్నది. పెరటి తోటల విత్తన సంచులు దీపావళి దాటిన తరువాత చేతికందితే, క్యాబేజీ, కాలీఫ్లవర్ విత్తనాలకు ఆ ఏటి చలి అక్కరకు రాదు. ఆకుకూరలు మాత్రమే ఫలిస్తాయి. ఆ కుటుంబం తమ నేలదే లోపమని భావించి మరుసటి ఏడు మడి కట్టడమే మానుకుంటుంది. కనుక సంచులు హస్త కార్తె ప్రవేశించకముందే గ్రామానికి చేరాలి. ప్రతి పొట్లంపై విత్తవలసిన చివరి కార్తె ముద్రించాలి. 2008లో మాచునూరులో మహిళలు ప్రారంభించిన సంఘం రేడియో వంటి స్థానిక మాధ్యమాల ద్వారా ఆ తేదీలను ప్రకటించవచ్చు. ఇందుకు అదనపు వ్యయం దాదాపు లేదు. కావలసినది సకాలంలో లెక్క వేయడమే.