మారిషస్ దీవిలో వసంతము: ఒక యింటి పెరడు



మనకు వసంతమనగా చైత్రవైశాఖములు. ఆ మాట వినగానే మామిడిపిందెలు, వేపపూత, ఉగాదిపచ్చడి, పంచాంగశ్రవణము మనసునకు వచ్చును. భాద్రపదములో వసంతము వచ్చు దేశమొకటి కలదని నా చిన్నతనమున నెవరైన చెప్పియుండినచో నేను నమ్మియుండను. అట్టి దేశములో, మారిషస్ దీవిలో, మా అమ్మాయి యత్తవారింట 2023 జూలై మొదలుకొని 2024 ఏప్రిల్ వఱకు నేనుంటిని. అచ్చటి పెరటిలో నేను నేర్చుకొన్నదియు, దానికంటె ముందు నేను పాడుచేసినదియు నేడు మనవి చేసికొందును.

మారిషస్ హిందూమహాసముద్రములో మడగాస్కరునకు తూర్పున నున్న చిన్న దీవి. అగ్నిపర్వతములు కక్కిన రాతితో నేర్పడినది. చెఱకుతోటల నడుమ నల్లరాళ్ల గుట్టలు నేటికిని గానవచ్చును. ఆ రాళ్లను నేలనుండి యేఱి పేర్చినది కూలివాండ్ర చేతులే. 1834 నవంబరు 2వ తేదిన ఒప్పందపు కూలీల మొదటి జట్టు కలకత్తానుండి అట్లాస్ అను నోడలో నచ్చటికి చేరెను. పిమ్మట మన కోరంగిరేవునుండియు, విశాఖపట్టణపు ప్రాంతమునుండియు తెలుగువారు పోయిరి. కోరంగిలో నోడ యెక్కినవారగుటచే వారికి కోరంగివారనియే పేరు పడినది. పోర్టులూయీ రేవులో కూలీలు ఎక్కిపోయిన పదునాఱు రాతిమెట్లు నిలిచియున్నవి. ఆ స్థలమును 2006లో ప్రపంచవారసత్వముగా గుర్తించిరి. నాది కాకినాడ ప్రాంతము. కోరంగికి చిన్నప్పుడు బండిమీద పోయివచ్చినవాడను. ఆ మెట్లచెంత నిలిచినపుడు నా కెట్లుండెనో వేఱుగా చెప్పనక్కఱలేదు.

మా వియ్యపురాలి యిల్లు దీవి నడుమనున్న యెత్తైన ప్రదేశపు టంచున నొక గ్రామములోనిది. ఇంటిలో ఆమె, మా అల్లుడు, అమ్మాయి, ఎనిమిదేండ్ల మనుమడు. తెల్లవాఱినంతనే అల్లుడు బస్సులో పట్టణమునకు పోవును. అమ్మాయి పిల్లవానిని బడిలో దింపి తన పనికి పోవును. పగలెల్ల నింటిలో మిగులువారము పెద్దవారమిద్దఱమే. ఇంటిలోని వాడుకభాష క్రియోలు. వియ్యపురాలికి తెలుగు భజనలును, పండుగపాటలును కంఠస్థములు గాని మాటలాడుటకు మాత్రము కొంచెము తడుముకొనును. నన్ను 'అన్నయ్యగారూ' యని పిలుచుటకు ఎన్నడును తడుముకొనలేదు.

నేను నలువదియేండ్లు సేద్యము చేసినవాడను, ఊరక కూర్చుండలేను. వచ్చిన కొలది దినములకే పెరటిలో పార పట్టితిని. అది అధిక శ్రావణము. మన యూరిలో వానలు పడి పాదులు పెట్టు నదను. ఆమె యొక రేకుడబ్బా తెఱచి పొట్లగింజలు చూపగా, 'అమ్మా, ఇవి నాకిండు, పాదులు పెట్టెదను' అంటిని. ఆమె కొంచెము తడవు నిలిచి, 'ఇంకను చలి, అన్నయ్యగారూ' అనెను. నేను పట్టు విడువలేదు. ఇంటికి వచ్చిన వియ్యంకుని కాదనలేక పండ్రెండు గింజలు నా చేతిలో పోసెను. నేను వాటిని ఇంటికి దక్షిణపు ప్రక్కను పెట్టితిని. చలికాలమున దక్షిణపు ప్రక్క యెండ చక్కగా తగులునని మనకందఱకును తెలిసినదే గదా!

మూడు వారములు గడచినను మొలకలేదు. త్రవ్వి చూచితిని. తొమ్మిది గింజలు కుళ్లిపోయినవి. మూడు మాత్రము మొలచి, రెండాకులు వేసి, పసుపు తిరిగి నిలిచిపోయినవి. వియ్యపురా లొక్క మాటయు ననలేదు. మనుమడు మాత్రము క్రియోలులో నేదో యనగా అమ్మాయి నవ్వాపుకొని తెలుగు చేసి చెప్పెను: 'తాతా, ఆ ప్రక్క మేము తువ్వాలు కూడ ఆరవేయము.'

నా పొరపాటెక్కడిదో మీకు సులభముగా బోధపడును. మన గ్రామములు భూమధ్యరేఖకు ఉత్తరముగా పదునాఱు, పదునేడు డిగ్రీల చెంత నున్నవి. మార్గశిర పుష్యములలో మధ్యాహ్నసూర్యుడు మనకు దక్షిణముగా వ్రాలియుండును. మన నీడ యుత్తరమునకు పడును. మారిషస్ దీవి రేఖకు దక్షిణముగా ఇరువది డిగ్రీల చెంత నున్నది. అచ్చట చలికాలము ఆషాఢ శ్రావణములు. అప్పుడు మధ్యాహ్నసూర్యుడు ఉత్తరముగా వ్రాలును. ఆగస్టు మొదట మిట్టమధ్యాహ్నమున పండ్రెండడుగుల గోడ నీడ దక్షిణమున సుమారు తొమ్మిదడుగులు పఱచుకొనును. నా పాదులన్నియు ఆ నీడలోనివే. అది చాలదన్నట్లు ఆగ్నేయమునుండి వీచు గాలి ఆ దీవిలో చలికాలమునందే మిక్కిలి బలముగా నుండును. ఇంటి దక్షిణపు ప్రక్క దాని కెదురు. నీడ, తడి, చలిగాలి మూడును గూడిన చోట పొట్లగింజను మొలవుమనుట గింజ తప్పు గాదు.

ఇందులో పంచాంగము తప్పును లేదు. చవితి యెచ్చటనైనను చవితియే. కార్తె సూర్యుడే నక్షత్రమునందున్నాడో చెప్పునుగాని, ఆ కార్తెలో వాన పడునని మన నేలకు మనము కూర్చుకొన్నమాట. మృగశిరకార్తె మనకు తొలకరి, వారికి చలికాలము. అచ్చట నవంబరునుండి ఏప్రిల్ వఱకు వేసవి, వానలును ఆ నెలలలోనే హెచ్చు. మే నుండి అక్టోబరు వఱకు చలికాలము. చలి వదలి వేడి యింకను ముదరని సెప్టెంబరు అక్టోబరులే వారి వసంతము. మా వియ్యపురాలి యింట పంచాంగము దేవుని గదిలో నుండును. విత్తుటకు ఆమె చూచునది వేఱు: పెరటిలోని మామిడిపిందె శనగగింజంత కావలెను, తెల్లవాఱుజామున కుళాయినీరు చేతికి చుఱుక్కుమనకుండవలెను.

వినాయకచవితి మఱునాడు ఆమె నన్ను పెరటిలోనికి పిలిచెను. డబ్బా తెఱచి చూపెను. ఐదు గింజలున్నవి. నేనడిగిననాడు అన్నియు నీయక దాచినవి. అప్పుడు గాని ఆ డబ్బా సంగతి నాకు చెప్పలేదు. 1960 ఫిబ్రవరి చివర కారల్ అను తుపాను ఆ దీవిని ధ్వంసము చేసెను. ఆనాటికి ఆమె చిన్నపిల్ల. ఇంటి పైకప్పు లేచిపోగా, ఆమె తల్లి పిల్లలను మంచముక్రింద జేర్చి, విత్తనపు మూటను ఒడిలో పెట్టుకొని రాత్రియెల్ల కూర్చుండెనట. ఆ మూటలోని పొట్లగింజల సంతతియే యివి. 'ఇవి కోరంగినుండి వచ్చినవా?' యని యడిగితిని. 'నాకు తెలియదు. మా అమ్మ యిచ్చినవి' యనెను. బజారులో పొట్లగింజలు దొరకవా యందురేమో. దొరకును. నేను కుళ్లబెట్టినవి మాత్రము దొరకవు.

ఈ మాఱు పని ఆమె చెప్పినట్లే జరగినది. గింజలను తడిగుడ్డలో నొక రాత్రి యుంచి, ఇంటికి ఉత్తరపు ప్రక్కను నల్లరాళ్లు తీసి చేసిన గుంటలలో, ఆకుకుళ్లు, పాతపేడ కలిపిన మట్టిలో అంగుళము లోతున నాటితిమి. నాలుగు మొలచినవి. మొలకలకు చుట్టును బూడిద పోసితిమి. ఆ దీవిలో పిడికిలంత పెద్దనత్తలు కలవు. వాటిని కుర్పా యందురు. రాత్రివేళ వచ్చి తెల్లవాఱుసరికి మొలకను మొదలంట తినిపోవును. పొడిబూడిదమీద నవి ప్రాకలేవు గాని మంచుకు బూడిద తడిసినచో నది యడ్డు గాదు. కనుక ప్రతిసాయంకాలమును క్రొత్తబూడిద చల్లవలెను. ఒకనాడు నేను మఱచితిని. ఒక మొక్క పోయెను. ఆ రాత్రినుండి మనుమడు దీపము పట్టుకొని, నేను బకెట్టు పట్టుకొని పెరటిలో తిరిగితిమి. వానికి పాఠముల కంటె ఈ వేట యిష్టమని వేఱుగా చెప్పవలయునా?

అక్టోబరు అచ్చట మిక్కిలి పొడినెల. బియ్యము కడిగిన నీరును, పిల్లవాడు స్నానము చేసిన నీరును పాదులకే. మొదళ్లకు ఎండిన చెఱకాకు మందముగా పఱచినచో తడి నిలుచును. పందిరి మాత్రము నా కంటికి మిక్కిలి పొట్టిగా దోచినది, రొమ్మెత్తు దాటదు. దాని త్రాళ్లన్నియు ఒక్క లాగునకు విడిపోవు ముడులు. నేను గట్టి ముడులు వేయబోగా ఆమె నా చేయి ఆపెను. కారణమప్పుడు చెప్పలేదు.

వంటింటి సంగతి కొంత చెప్పవలెను. సాయంకాలమందఱును ఇల్లు చేరినపిమ్మట అన్నము, పప్పు, పచ్చడి, ఆకుకూర పలుచని చాఱు. ఆకుకూరను వారు బ్రెద్ అందురు. మునగాకు బ్రెద్ మురూమ్. కొత్తిమీర కొతోమిలి. కరివేపాకు కరిపులే. బీరకాయ పిపంగాయ్. పొట్లకాయ పతోల్. ఫ్రెంచివారి మాటలనుండి పుట్టిన భాషలో ఈ పేర్లెట్లు చేరినవి? మన దక్షిణాదివారు, విశేషించి తమిళసోదరులు, పెరటితోగూడ తీసికొనిపోయినవే. నేడా మాటలను అన్ని జాతులవారును వాడుకొందురు. మా మనుమనికి తెలుగు రాదని నేను చింతించుచుంటిని. ఒకనాడు వాడు వంటింటినుండి 'కొతోమిలి!' యని కేకవేయగా నా చింత కొంత తగ్గినది.

దీపావళినాటికి పందిరిమీద తెల్లని జాలరుపూవులు విచ్చినవి. కార్తికమాసపు చివర కాయలు దిగినవి. పిందెలను ఈగ కుట్టకుండ కాగితపు గొట్టములు తొడుగుట, కాయ వంకర పోకుండ కొసకు చిన్నరాయి కట్టుట మన యూళ్లలోవలెనే. మంచి కాయలు రెంటిని ఆమె తొలుతనే యెంచి, ఎఱ్ఱదారము కట్టి, ఎవ్వరును కోయరాదనెను. డిసెంబరంతయు వాటిని చూచుచునే గడపితిమి. సంక్రాంతికి వారము ముందు అవి యెఱ్ఱగా పండి కొసను పగులుచుండగా కోసి, గింజలు కడిగి నీడను ఆరబెట్టితిమి.

పొట్టిపందిరి, వదులు ముడుల యర్థము అప్పుడు తెలిసినది. ఆ దీవిలో తుపాను హెచ్చరికలు నాలుగు తరగతులు. రేడియోలో మొదటిది చెప్పగానే ఇంటింట పనులు మొదలగును. నాలుగవది యనగా గంటకు 120 కిలోమీటర్ల విసురుగాలి వచ్చినదని, ఎవ్వరును గడప దాటరాదని. సంక్రాంతినాడే, 2024 జనవరి 15వ తేదిన, బెలాల్ అను తుపాను వచ్చెను. ముందునాడు వియ్యపురాలు పెరటిలోనికి పోయి ముడులొక్కొక్కటే లాగగా పందిరి తీగెలతో గూడ నేలకు ఒరిగెను. మేము దానిపై రాళ్లుంచితిమి. ఆ దినము పోర్టులూయీ వీధులలో నీరు పొంగి మోటారుబండ్లు కొట్టుకొనిపోయెను. పట్టణమునకు పోయిన అల్లుడు రాత్రి చాల ప్రొద్దుపోయి యిల్లు చేరువఱకు ఇంటిలో నెవరికిని అన్నము సహించలేదు. పెరటి మామిడికొమ్మ విఱిగి పాదులమీదనే పడెను. భాద్రపదములో విత్తకున్నచో ఆ యేడు విత్తనము మిగిలియుండదు. శ్రావణములో విత్తినదాని గతి మీరు వినియేయున్నారు. వారి వసంతము చలికిని తుపానునకును నడుమ నున్న సన్నని త్రోవ.

ఏప్రిల్ 9వ తేదిన ఉగాది. అచ్చట అది ప్రభుత్వపు సెలవుదినము. కాని వారి మామిడికాలము అప్పటికే గడచిపోవును. డిసెంబరులో ఉప్పువేసి దాచిన ముక్కలను కడిగి పచ్చడిలో వేసెను. ఆ పచ్చడిలో వగరు తక్కువ, ఉప్పు హెచ్చు. అయినను ఇంటిల్లిపాదియు తూర్పుమొగమై నిలిచి తింటిమి.

ఆ వారమే నేను బయలుదేఱితిని. ఆమె గింజలిచ్చుటకు రాగా నేను వలదంటిని. అనుమతిపత్రము, తెగుళ్ల పరీక్ష లేనిదే విత్తనము దేశము దాటరాదు. ఆమె కొంచెము నొచ్చుకొనెను. మనుమడు గింజలన్నిటిని బల్లమీద పోసి లెక్కించెను: ఎనుబదిమూడు. వాటిలో పండ్రెండు వేఱుచేసి, కాగితములో మడిచి, పైన నేదో వ్రాసి డబ్బాలో పెట్టెను. ఏమి వ్రాసినాడని అమ్మాయినడిగితిని. 'తాతవి' యని వ్రాసినాడట.