19 అంగుళాల బీరువాలో వింతలు, విశేషాలు

సర్వర్ రూములో కొత్తగా పనికి చేరిన కుర్రాడికి తొలి పరీక్ష ఇనప ర్యాకే పెడుతుంది. దాని నిలువు పట్టీల పొడవునా చదరపు కన్నాలుంటాయి. ఎడంగా నిలబడి చూస్తే అన్నీ సమాన దూరంలో ఉన్నట్టే ఉంటాయి. స్కేలు ఆనిస్తే అసలు సంగతి తెలుస్తుంది: 15.875 మిల్లీమీటర్లు, మళ్లీ 15.875, ఆ తర్వాత 12.7. పైనుంచి కిందిదాకా ఇదే వరుస. మూడూ కలిపితే 44.45 మిల్లీమీటర్లు, అంటే ఒకటీ ముప్పావు అంగుళం. ఈ కొలతనే ఆ పనిలో ఉన్నవాళ్లు ‘ఒక యు’ అంటారు. దగ్గరగా ఉన్న రెండు కన్నాల నడుమ ఒక యు ముగిసి ఇంకోటి మొదలవుతుంది. ఆ కిటుకు తెలియక ఒక్క కన్నం పైకి జరిపి నట్టు పెట్టామా, సర్వర్ పక్క యు జాగాలోకి చొచ్చుకుపోతుంది. దానిపైన రావాల్సిన పెట్టె పట్టదు. మొత్తం విప్పి మళ్లీ బిగించుకోవాలి.

ఆ కన్నంలో పెట్టే నట్టుది ఇంకో కథ. చిన్న స్ప్రింగు రేకు తొడుగులో నట్టు వదులుగా కూర్చుని ఉంటుంది. పేరు కేజ్ నట్. ఒక చెవిని కన్నం అంచులో దూర్చి, రెండో చెవిని బొటనవేలితో నొక్కిపట్టి లోపలికి తోయాలి. టక్కుమని పడితే సరే, జారితే రేకు అంచు వేలికొసను కోసేస్తుంది. ర్యాక్ నిండేసరికి ఇలాంటివి వందకు పైగా పెట్టాల్సి రావచ్చు.

అతివేగమైనది, అతిపెద్దది అంటూ కంప్యూటర్ల రికార్డులు ఏటా వస్తూనే ఉంటాయి. వాటిలో ప్రాసెసర్ పేరుంటుంది, కంపెనీ పేరుంటుంది. బిగించినవాళ్ల ఊసు, బాగుచేసినవాళ్ల ఊసు ఉండదు. నాకు ఆ వైపునుంచి చూడటమే ఇష్టం. ఇక్కడ పోగుచేసినవన్నీ అలా ఏరుకున్నవే.

కంప్యూటర్ కంటే పాత కొలత

ర్యాక్‌కు ఉండే ఈ 19 అంగుళాల వెడల్పు పుట్టేనాటికి కంప్యూటర్లే లేవు. 1920ల మొదట్లో అమెరికాలో ఏటీ అండ్ టీ టెలిఫోను కంపెనీ రిపీటర్లను ఇలాంటి చట్రాల్లో బిగించేది. తీగమీద దూరం వెళ్లేకొద్దీ నీరసించే మాటకు దారిమధ్యలో బలమిచ్చే పరికరాలవి. తర్వాత రేడియో స్టేషన్లు, ప్రయోగశాలలు, పాటల రికార్డింగ్ స్టూడియోలు అదే కొలత పట్టుకున్నాయి. స్టూడియోలో యాంప్లిఫయర్ కూర్చునే చట్రం, బ్యాంకు సర్వర్ కూర్చునే చట్రం ఒకే కుదురువి. కంప్యూటర్ల లోకంలో ఇంతకాలం మారకుండా నిలిచిన భాగం నాకు ఇంకోటి గుర్తుకు రావడం లేదు.

మామూలుగా వాడే 42 యుల ర్యాక్‌లో సామాను పట్టే ఎత్తు 1.87 మీటర్లు, ఆరడుగుల పైచిలుకు. పైవరుస సర్వర్‌ను స్టూలు ఎక్కకుండా అందుకోవచ్చు. ఈ కొలతను గట్టిగా కదిలించింది ఫేస్‌బుక్ 2011లో మొదలుపెట్టిన ఓపెన్ కంప్యూట్ ప్రాజెక్ట్. అందులోంచి వచ్చిన ర్యాక్‌లో లోపలి వెడల్పును 21 అంగుళాలకు, ఒక్కో అర ఎత్తును 48 మిల్లీమీటర్లకు పెంచారు. సర్వీసు చేసేవాళ్లు స్క్రూడ్రైవర్ అవసరం లేకుండా ముందువైపు నుంచే భాగాలు మార్చుకునేలా చేశారు. అందులో నాకు బాగా నచ్చిన సంగతి అదే. వేడిగాలి వెనకవైపు కొడుతుంది; అక్కడ ఓ గంట నిలబడి పనిచేసినవాళ్లకే ఆ మార్పు విలువ తెలుస్తుంది.

పురుగు దొరికిన రోజు

1947 సెప్టెంబరు 9. హార్వర్డ్ మార్క్ 2 కంప్యూటర్ సరిగా పనిచేయడం లేదు. వెతగ్గా వెతగ్గా ‘ఎఫ్’ ప్యానెల్‌లో 70వ నంబరు రిలేలో ఒక చిమ్మెట ఇరుక్కుని కనిపించింది. దాన్ని తీసి, లాగ్‌బుక్‌లో టేపుతో అంటించి, పక్కనే వివరం రాశారు. యంత్రంలో తప్పును ‘బగ్’ అనడం అప్పటికే వాడుకలో ఉంది; నిజంగా పురుగే దొరకడం ఆనాటి విశేషం. ఆ పుట ఇప్పుడు స్మిత్సోనియన్ వారి అమెరికా చరిత్ర మ్యూజియంలో ఉంది.

అందరూ పురుగునే చెప్పుకుంటారు. నేనైతే ఆ రాతను చూస్తాను: ఏ ప్యానెల్, ఏ రిలే, మధ్యాహ్నం 3.45 గంటల సమయం. ఇప్పటికీ మంచి సర్వీస్ రిపోర్ట్ అంటే అంతే. ఏది, ఎక్కడ, ఎప్పుడు.

116 గంటల నుంచి పదహారేళ్లకు

1946లో ప్రపంచానికి చూపించిన ఎనియాక్ కంప్యూటర్ అంటే 40 ప్యానెళ్లు, సుమారు 18 వేల వాక్యూమ్ ట్యూబులు, దాదాపు 30 టన్నులు. ట్యూబులు ఎక్కువగా పోయేది ఆపి మళ్లీ వేసినప్పుడు, అంటే వేడెక్కి చల్లారేటప్పుడు. అందుకని దాన్ని ఆపకుండానే ఉంచడం నేర్చుకున్నారు. అది ఒక్క లోపమూ లేకుండా ఏకబిగిన నడిచిన అత్యధిక కాలం 116 గంటలు, 1954లో. ఐదు రోజులు కూడా నిండలేదు. దాన్ని ప్రోగ్రామ్ చేసిన ఆరుగురు మహిళలకు యంత్రం లోపలి కట్టు ఎంత కరతలామలకమంటే, తప్పు వచ్చిందంటే పోయిన ట్యూబు దగ్గరికి వెళ్లి చూపించగలిగేవారు.

రెండో కొసన నోవెల్ నెట్‌వేర్ 3.12 నడిచిన ఒక సర్వర్ ఉంది. పదహారేళ్లకు పైగా ఒక్కసారి కూడా రీస్టార్ట్ కాకుండా పనిచేస్తే 2013లో చేతులారా ఆపేశారు. డిస్కుల బేరింగులు అరిగి, ఆ చప్పుడు భరించలేక ఆపాల్సి వచ్చింది. ఇప్పుడు ఇలాంటి రికార్డు కోసం ఎవరూ ఆశపడకూడదు. భద్రతా అప్‌డేట్లు వేసి అప్పుడప్పుడు రీస్టార్ట్ చేయాల్సిందే.

వేడి, బరువు

ఎనియాక్ హాలంతా కలిపి సుమారు 150 కిలోవాట్ల కరెంటు తాగేది. 2024లో ఎన్‌విడియా చూపించిన జీబీ200 ఎన్‌వీఎల్72 ఒక్క ర్యాకే సుమారు 120 కిలోవాట్లు. మామూలు ఆఫీసు ర్యాక్ ఐదారు కిలోవాట్లతో సరిపెట్టుకుంటుంది. కొత్త ర్యాక్‌లో 72 జీపీయూలు, 36 సీపీయూలు. వాటిని కలుపుతూ ఐదు వేలకు పైగా రాగి కేబుళ్లు. కొసకు కొస ముడేస్తే మూడు కిలోమీటర్లు దాటుతాయి. బరువు దాదాపు 1.36 టన్నులు. ఇంత వేడిని ఫ్యాన్లు తోడలేవు కాబట్టి చిప్పుల మీదుగానే ద్రవం పారిస్తారు. దాంతో సర్వర్ టెక్నీషియన్ చేతికి ఒక కొత్త పని వచ్చింది: గొట్టాల కప్లింగులు, కారుడు, పీడనం. సగం ప్లంబింగ్ పనే.

బరువులో దీన్నీ మించినవి ఉన్నాయి. 2022లో ఎక్సాఫ్లాప్ అనే వేగపు గీత దాటి ప్రపంచంలో మొదటి స్థానానికి వచ్చిన ఫ్రంటియర్ సూపర్ కంప్యూటర్ అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో ఉంది. 74 క్యాబినెట్లు, ఒక్కొక్కటి మూడున్నర టన్నుల పైన. దాన్ని చల్లబరచడానికి నిమిషానికి దాదాపు 22,700 లీటర్ల నీటిని తిప్పగల పంపులున్నాయి. మన వీధుల్లోకొచ్చే 5,000 లీటర్ల ట్యాంకర్లయితే నిమిషానికి నాలుగున్నర. 2024 నవంబరులో ఎల్ కాపిటన్ అనే ఇంకో సూపర్ కంప్యూటర్ 1.742 ఎక్సాఫ్లాప్‌లతో ఫ్రంటియర్‌ను దాటేసింది.

త్వరగా నిలబెట్టినవి

2003లో వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో శ్రీనిధి వరదరాజన్ నాయకత్వంలో 1,100 యాపిల్ పవర్‌మ్యాక్ జీ5 కంప్యూటర్లను ఒకచోట చేర్చి సూపర్ కంప్యూటర్ కట్టారు. పెట్టెలు విప్పి, కార్డులు పెట్టి, కేబుళ్లు లాగి ర్యాకులకెక్కించింది ఎక్కువగా విద్యార్థులే. వాళ్లకు ముట్టిన కూలి పిజ్జాలు. ఆ ఏడాది నవంబరు జాబితాలో అది ప్రపంచంలో మూడో స్థానం తెచ్చుకుంది. మరుసటి ఏడాది ఆ బల్లమీద పెట్టుకునే పెట్టెలను తీసేసి, ర్యాక్‌కి సరిపడే ఒక యు ఎత్తు సర్వర్లు పెట్టారు. చోటు బాగా కలిసొచ్చింది.

జపాన్‌లోని కోబేకు ఫుగాకు సూపర్ కంప్యూటర్ 432 ర్యాకులను 2019 డిసెంబరు నుంచి 2020 మే దాకా, మధ్యలో కోవిడ్ వచ్చి పడినా, పూర్తిగా తరలించారు. ఇక 2024లో అమెరికాలోని మెంఫిస్‌లో లక్ష జీపీయూల కేంద్రాన్ని 122 రోజుల్లో కట్టామని, మొదటి ర్యాక్ లోపలికి వచ్చిన 19 రోజులకే పని మొదలుపెట్టామని ఎక్స్‌ఏఐ కంపెనీ ప్రకటించింది. ఆ 19 రోజులు రాత్రీపగలూ ఎంతమంది మోకాళ్లమీద కూర్చుని కేబుళ్లు గుచ్చారో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

చోటు కాని చోట్లు

దక్షిణ ధ్రువంలో ఐస్‌క్యూబ్ అనే న్యూట్రినో ప్రయోగశాల ఉంది. మంచులోకి 86 లోతైన రంధ్రాలు తొలిచి 5,160 సెన్సర్లు దించారు. అన్నిటి తీగలూ పైకి వచ్చి కలిసేది మంచుమీద నిలబడిన ఒక సర్వర్ గదిలో. బయట గాలి మైనస్ 40 డిగ్రీలు, చలికాలంలో అంతకన్నా కిందికి. ఏసీ ఖర్చు ఉండదని మనకనిపిస్తుంది. కానీ తలుపు బార్లా తీస్తే ఆ చలికి డిస్కులే పాడవుతాయి. మూసేస్తే లోపలి యంత్రాల వేడికి గది ఉడికిపోతుంది. బయటి గాలిని కొలత ప్రకారం కలుపుకోవాలి. పైగా ఆ చోటు సముద్రమట్టానికి 2,800 మీటర్ల ఎత్తు, గాలి పలచన. పలచని గాలి వేడిని సరిగా మోసుకుపోదు. అది పొడిగాలి కూడా, కాబట్టి బోర్డును ముట్టుకునే ముందు ఒంటిమీది స్టాటిక్ కరెంటును వదిలించుకోవాలి.

ఫిబ్రవరి నుంచి అక్టోబరు చివరిదాకా మామూలుగా విమానాలు రావు. విడిభాగం లేకపోతే లేనట్టే. ఆ కాలమంతా యంత్రాలను చూసుకునేది ఇద్దరు. అర్ధరాత్రి అలారం మోగితే (అక్కడ నెలల తరబడి అర్ధరాత్రే), నివాసం నుంచి దాదాపు కిలోమీటరు చీకట్లో మంచుమీద నడిచి వెళ్లి ఆ సర్వర్‌ను లేపాలి. సర్వీస్ కాల్స్‌లో ఇంతకు మించినది భూమ్మీద లేదని నా నమ్మకం.

దీనికి పూర్తి వ్యతిరేకం మైక్రోసాఫ్ట్ నాటిక్ ప్రయోగం. 2018లో స్కాట్లండ్ ఆర్క్‌నీ దీవుల దగ్గర 117 అడుగుల లోతున 12 ర్యాకులు, 864 సర్వర్లు ఉన్న ఉక్కు గొట్టాన్ని సముద్రంలో దించారు. లోపల గాలికి బదులు పొడి నైట్రోజన్ నింపారు. రెండేళ్లు ఎవరూ ముట్టుకోలేదు, ముట్టుకోవడానికి వీల్లేదు. 2020లో పైకి తీసి లెక్కచూస్తే, నేలమీది సర్వర్లతో పోలిస్తే పాడైనవి ఎనిమిదో వంతే. తుప్పుపట్టించే ఆక్సిజన్, తేమ లేకపోవడం ఒక కారణమని, తగిలేవాళ్లు, కదిపేవాళ్లు లేకపోవడం ఇంకో కారణమని పరిశోధకులు అనుకున్నారు. రెండో కారణాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఒక సర్వర్ బయటికి లాగేటప్పుడు పక్క సర్వర్ కేబుల్ వదులవడం ఎన్నిసార్లు చూశానో.

అంతరిక్షంలోనూ ఇలాంటి కథ ఉంది. 2017 ఆగస్టులో హెచ్‌పీఈ కంపెనీ మామూలు సర్వర్లను అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి పంపింది. 2019లో తిరిగొచ్చేసరికి 20 ఎస్‌ఎస్‌డీల్లో 9 పోయాయి. కంప్యూటర్ మాత్రం పనిచేస్తూనే ఉంది. బరువైనవి కింద బిగించాలన్న మన మొదటి సూత్రానికి అక్కడ అర్థమే లేదు.

బార్సిలోనాలో మారెనోస్ట్రమ్ సూపర్ కంప్యూటర్‌ను పూజలు ఆగిపోయిన పాత చర్చిలో గాజు గది కట్టి పెట్టారు. స్టాక్‌హోమ్‌లో పయోనెన్ డేటా సెంటర్ 30 మీటర్ల రాతికింద పాత యుద్ధకాలపు బంకర్‌లో ఉంది.

గట్టిగా అరిస్తే

2008 చివర్లో సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజనీరు బ్రెండన్ గ్రెగ్ డిస్కుల వరుస ముందు నిలబడి గొంతు చించుకుని అరిచాడు. అదే క్షణంలో డిస్కులు జవాబిచ్చే సమయం పెరిగినట్టు గ్రాఫ్‌లో గీత పైకి లేచింది. తిరిగే పళ్లెంమీద సన్నటి దారిని వెంబడించే సూది ఆ కంపనానికి తప్పిపోతుంది. 2016లో బుఖారెస్ట్‌లో ఒక బ్యాంకు డేటా సెంటర్‌లో మంటలార్పే వాయువును పరీక్షిస్తే, ఆ వాయువు విడుదలైన హోరుకే డిస్కులు దెబ్బతిని దాదాపు పది గంటలు సేవలు ఆగిపోయాయి.

మన వైపు

హైదరాబాద్‌లో ఈసీఐఎల్ అంటే ఇప్పుడు బస్సు దిగే చౌరస్తా పేరు. 1967లో పుట్టిన ఆ సంస్థ, ట్రాంబే అణు కేంద్రంలో రూపుదిద్దుకున్న టీడీసీ-12 కంప్యూటర్‌ను మన దేశంలోనే తయారుచేసి అందించింది. ఇప్పుడు ఐఐటీ హైదరాబాద్‌లో పరమ్ సేవా సూపర్ కంప్యూటర్ నడుస్తోంది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో గిగావాట్ స్థాయి కేంద్రం పెడతామని ప్రకటించింది. ఒక గిగావాట్ అంటే పైన చెప్పిన 120 కిలోవాట్ల ర్యాకులు ఎనిమిది వేలకు పైగా నడిపే కరెంటు. మన పాలిటెక్నిక్ పిల్లలకు కేజ్ నట్ పెట్టడం, గొట్టం కప్లింగ్ బిగించడం ఇప్పటినుంచే నేర్పితే బాగుంటుంది.

అతి విలువైన లేబుల్

హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో నేను పనిచేసే రోజుల్లో, వాడుకలో లేదనుకుని ఒక పవర్ కేబుల్ లాగేశాను. ఆ కేబుల్‌కి లేబుల్ లేదు. ఒక ఫ్లోరు మొత్తం నెట్‌వర్క్ పోయింది. తిరిగి లేపడానికి రెండు గంటలు పట్టింది. ఆ రోజునుంచి కేబుల్‌కి రెండు కొసలా పేరు రాయకుండా నేను ర్యాక్ తలుపు మూయలేదు.

జెనీవా దగ్గర సెర్న్ పరిశోధన కేంద్రంలో, వెబ్‌ను సృష్టించిన టిమ్ బెర్నర్స్ లీ వాడిన నెక్స్ట్ కంప్యూటర్ ఉంది. ప్రపంచంలో మొదటి వెబ్ సర్వర్ అదే. వెబ్ మొత్తం ఆ ఒక్క నల్లపెట్టెలో ఉన్న రోజుల్లో, దారినపోయేవాళ్లెవరైనా స్విచ్ ఆపేస్తారేమోనని దానిమీద ఒక కాగితం అంటించారు. ఇది సర్వర్, కరెంటు తీయొద్దు అని ఎర్ర సిరాతో, చేత్తో రాసి ఉంది. ఆ కాగితం కొంత ఊడిపోయింది. రాత మాత్రం ఇంకా చదవొస్తుంది.