మరుగున పడిన మాండలిన్ స్వప్నము

కర్నూలు పట్టణమున హంద్రీనది తుంగభద్రలో కలియును. ఆ తుంగభద్ర దిగువకు సాగి సంగమేశ్వరము చెంత కృష్ణను చేరును. ఉగాదినాడు దేవుని కడపలో ముస్లిములు వేంకటేశ్వరుని దర్శించుకొనుట తరతరాల ఆచారము. నదుల కలయికను, మనసుల కలయికను ఇంతగా మన్నించిన మనము, రెండు సంగీతముల కలయికను మాత్రము అనుమానముతో చూచుచుందుము. ఆ అనుమానము వలన మరుగున పడిన వానిలో మాండలిన్ శ్రీనివాస్, కెనడా దేశపు గిటారు వాద్యకారుడు మైకేల్ బ్రూక్‌తో కలిసి 1995లో వెలువరించిన ‘డ్రీమ్’ అను ఆల్బమ్ ఒకటి.

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించిరి. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాద్యకారులు. ఆరేండ్ల ప్రాయమున ఇంటనున్న మాండలిన్‌ను చేతబట్టిన ఆ బాలునకు, చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులైన రుద్రరాజు సుబ్బరాజు గురువైరి. ఆ గురువునకు మాండలిన్ వాయించుట రాదు. ఆయన పాడుచుండగా శిష్యుడు ఆ పాటను తంత్రులపై పలికించుచుండెను. ఆ వాద్యమునకు గాత్రధర్మము అబ్బుటకు ఈ శిక్షణయే మూలము. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవమున తొలి కచేరి చేసిన బాలుడు 1983లో, పదునాలుగేండ్ల వయసున, పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవమున వాయించెను.

మాండలిన్ ఇటలీ దేశపు వాద్యము. తంత్రులు జంటలుగా ఎనిమిది, మెట్లు కదలవు, మీటిన నాదము క్షణములో సన్నగిల్లును. గమకమే ప్రాణమైన కర్ణాటక సంగీతమునకు ఇది పనికిరాదని పెద్దలు తలచినచో అది వారి దోషము కాదు. శ్రీనివాస్ జంట తంత్రులను విడనాడి అయిదు ఒంటి తంత్రులను బిగించుకొనిరి; విద్యుత్తు సాయమున నాదమును పెంచుకొనిరి. అంతటితో పరాయి వాద్యము మనదైనది. బాలుస్వామి దీక్షితులు చేపట్టిన వయొలిన్ కూడ ఒకనాడు పరాయిదే గదా!

వెనుక నిలువవలసినదని లోకము తీర్పు చెప్పిన వాద్యము ముందునకు వచ్చుట అన్యదేశములలోను కలదు. డబుల్ బేస్ అనునది నిలువెత్తు వయొలిన్ వంటిది. జాజ్ బృందమున వెనుక నిలిచి మంద్రనాదమును, లయను కాచుట దాని పని. ఆ వాద్యమునే వృత్తిగా గొన్న అహ్మద్ అబ్దుల్ మాలిక్, 1958లో అమెరికాలో తానే నాయకుడై, అరబ్బుల వాద్యములను జాజ్‌తో మేళవించి ‘జాజ్ సహారా’ అను ఆల్బమ్‌ను రూపొందించిరి. ఆయన తోడు వాయించిన థెలోనియస్ మంక్ పేరు ఎరిగినవారిలో ఈ ఆల్బమ్‌ను ఎరిగినవారు కొందరే.

‘డ్రీమ్’ గతియు ఇట్టిదే. ఇందు ‘డాన్స్’, ‘థింక్’, ‘రన్’, ‘డ్రీమ్’ అని నాలుగు దీర్ఘ ఖండములు గలవు. పల్లవి, అనుపల్లవి, చరణముల క్రమము ఇచ్చట వెదుకరాదు. బ్రూక్ ‘ఇన్ఫినిట్ గిటార్’ అను సాధనమును కల్పించినవారు. దానిపై పలికిన స్వరము వాద్యకారుడు కోరినంతసేపు నిలుచును. మాండలిన్‌కు లేనిది ఆ నిలుకడయే. నిలువలేని నాదమునకు నిలిచిన నాదము తోడగుటయే ఈ మేళనములోని ఔచిత్యము. వెనుక పరచుకొన్న దీర్ఘనాదములు ఒకవిధముగ తంబుర పని చేయుచుండ, దానిపై మాండలిన్ తన పలుకులను పొదిగినది. మెఱుపువేగమునకు పేరొందిన వ్రేళ్లు ఇచ్చట తరచు ఆగి, విని, పిదప పలుకును.

మరి ఇది ఏల మరుగున పడినది? కచేరి శ్రోతకు ఇందు కృతి లేదు. జాజ్ ప్రియునకు ఇందు జాజ్ చాలదు. ఇరువురికిని చెందినది ఎవ్వరికిని చెందనిదైనది. తరువాత శ్రీనివాస్ జాన్ మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్‌ల ‘రిమెంబర్ శక్తి’ బృందమున చేరగా, సమ్మేళన సంగీతమన్నంతనే రసికుల దృష్టి అటే మరలినది.

ఇట్టి మేళనములో రాగము సంపూర్ణముగ వికసింపదని విమర్శకులు అనవచ్చును. అందు సత్యము కలదు. కచేరిలో గంటసేపు విస్తరించు రాగమునకు ఇచ్చట ఆ తావు లేదు. కాని శ్రీనివాస్ దీనిని కచేరికి మారుగా ఇచ్చినవారు కారు. కచేరిని ఎన్నడును విడిచినవారును కారు. 1998లో పద్మశ్రీ పొంది, 2014 సెప్టెంబరు 19న 45 ఏండ్లకే కన్నుమూసిన ఆ విద్వాంసుని సంగీతమును సగమే విని తీర్పు చెప్పుట న్యాయము కాదు. తన వాద్యమునకు సహజమైన కొరతను ఎరిగి, దానిని పూరించు తోడును అన్యదేశమున వెదకికొనిన వినయము, ఏ విద్యార్థికైనను పాఠమే.

ఉపాధ్యాయులు ఆయన వాయించిన త్యాగరాజ కృతి నొకదానిని తరగతిలో వినిపించి, వెంటనే ‘డ్రీమ్’లో ఒక ఖండమును వినిపింతురు గాక. రెండింట పలికినది ఒకే చేయి అని పిల్లలే గుర్తింతురు.