ఆఖరి కూత... ఊరంతా మోత!

స్కోరు సమం. సమయం అయిపోయింది. మిగిలింది ఒకే ఒక్క కూత. పాయింటు వస్తే డప్పులు, ఊరేగింపు. రాకపోతే ఏడాది పొడవునా పక్కూరి వాళ్ల ఎకసెక్కాలు. సంక్రాంతి రోజుల్లో పలాస, టెక్కలి, ఉద్దానం ఊళ్లలో కబడ్డీ బరి చుట్టూ నిలబడితే తెలుస్తుంది... ఆ ఉత్కంఠ ఏపాటిదో!

ముప్పై సెకన్లలో ఏమవుతుంది? పలాస స్టేషన్లో టీ గ్లాసు చేతికి అందుతుంది. అంతే. అదే ముప్పై సెకన్లు కబడ్డీ బరిలో ఆఖరి కూత అయితే మాత్రం వందలమంది ఊపిరి బిగబట్టి నిలబడతారు. అప్పటిదాకా ఈలలతో చెవులు చిల్లులు పొడిచిన కుర్రాళ్లు గప్‌చుప్‌. చంకలో పిల్లాడు ఏడుస్తున్నా తల్లికి పట్టదు. మైకులో వ్యాఖ్యానం చెప్పే ఆయన కూడా ఓ క్షణం మాట మర్చిపోతాడు. కూతకెళ్లినవాడి గొంతు, ఇసకలో పాదాల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించదు. ఆ తర్వాత వచ్చే కేక మాత్రం కొబ్బరితోటలు దాటి వెళ్తుంది.

శ్రీకాకుళం జిల్లా కోస్తా కబడ్డీకి పెట్టింది పేరులాంటి నేల. ఉద్దానంలో ఏ ఊళ్లో చూసినా ఇసక నేలే. పడినా పెద్దగా దెబ్బ తగలదు. బరి గీయడానికి సంచెడు సున్నం, చుట్టూ కట్టడానికి నాలుగు తాళ్లు, రాత్రి ఆటైతే నాలుగు పెద్ద లైట్లు... అంతకుమించి ఖర్చులేదు. క్రికెట్‌కి బ్యాటు కావాలి, బంతి కావాలి, బంతి తోటల్లో పడితే వెతకడానికి ఓ అరగంట కావాలి. చెడుగుడుకి పద్నాలుగు మంది మనుషులు చాలు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు... ఎటు వెళ్లినా పండక్కో, గ్రామదేవత సంబరానికో పోటీలు పెట్టడం మామూలే. పెద్దలు తలా కొంత వేసుకుని బహుమతులు ప్రకటిస్తారు. షీల్డు మీద ఊరిలో కాలంచేసిన పెద్దాయన పేరు ఉంటుంది. ఆ పేరుకోసమైనా మర్యాదగా ఆడాలన్నది నిర్వాహకుల ఆశ. ఆట మొదలయ్యాక ఆ ఆశ ఎంతసేపు నిలుస్తుందన్నది వేరే సంగతి!

ఇక్కడి ప్రేక్షకుడు ఊరికే కూర్చుని చూసే రకం కాదు. గీతకు బెత్తెడు దూరంలో నిలబడతాడు. తాడు కట్టేది అతణ్ని ఆపడానికే. మనవాడు కూతకెళ్తే తనే వెళ్లినట్టు కాళ్లాడిస్తాడు. అవతలివాణ్ని పట్టుకుంటే 'ఒగ్గీకురోయ్‌... ఒగ్గీకు' అని తనే పట్టు పట్టినట్టు పిడికిళ్లు బిగిస్తాడు. రిఫరీ వేలు ఏవైపు లేస్తుందో చూడకముందే పాయింటు తనదని తేల్చేస్తాడు. బోనస్‌ గీత మీద కాలు పడిందా లేదా అన్నదానికి అక్కడున్న ప్రతివాడూ సాక్షే. వెనక వరసలో కొబ్బరిచెట్టుకు ఆనుకుని నిలబడ్డవాడికి కూడా ఆ కాలు స్పష్టంగా కనిపించే ఉంటుంది!

సమం అయితే...

మామూలుగా మ్యాచ్‌ నలభై నిమిషాలు. ఇరవై నిమిషాల చొప్పున రెండు భాగాలు. నాకౌట్‌ మ్యాచ్‌లో స్కోరు సమమైతే ఒకప్పుడు అయిదేసి నిమిషాల అదనపు సమయం ఇచ్చేవారు. ఇప్పుడు పెద్ద పోటీల్లో టైబ్రేకర్‌. రెండు జట్లూ అయిదుగురేసి ఆటగాళ్ల పేర్లు వరసగా రాసి ముందే రిఫరీకి ఇవ్వాలి. అయిదుగురూ ఒక్కోసారి కూతకెళ్తారు. అవతల ఏడుగురూ బరిలోనే ఉంటారు. ఎవరు దొరికినా, ఎవర్ని తాకినా పాయింట్లే తప్ప 'అవుటై' బయటికెళ్లడం, తిరిగి లోపలికి రావడం ఉండవు. మామూలు ఆటలో బోనస్‌ కోసం లోపలి గీతదాకా వెళ్లాలి. ఇక్కడ దానికంటే మీటరు ముందుండే బాక్‌ లైనే బోనస్‌ గీతగా మారుతుంది. అంటే రైడర్‌కి పని కాస్త సులువు. పట్టేవాళ్లకు గుండెదడ.

అయిదు కూతలయ్యాక కూడా సమమేనా? అప్పుడొస్తుంది గోల్డెన్‌ రైడ్‌. టాస్‌ గెలిచిన జట్టు తమ మేటి కూతగాణ్ని పంపుతుంది. అతను ఆధిక్యం తెస్తే ఆట ఖతం. పట్టుబడితే కూడా ఖతం... గెలుపు అవతలివాళ్లది. ఓ మెలిక ఉంది. గీతదాటి బోనస్‌ సంపాదించి ఆనక పట్టుబడ్డాడనుకోండి, చెరొక పాయింటు. మళ్లీ సమం! అప్పుడు రెండో జట్టుకు అవకాశం. అదీ తేలకపోతే టాసే దిక్కు. నలభై నిమిషాలు చెమటోడ్చి, పది కూతలు, ఆపైన రెండు కూతలు పెట్టాక బొమ్మా బొరుసూ చూసుకోవడమంటే ఏ అభిమానికి మింగుడుపడుతుంది?

ఈ టైబ్రేకర్‌ చాలాకాలం నాకౌట్‌ మ్యాచ్‌లకే పరిమితం. 2014లో మొదలైన ప్రొ కబడ్డీ లీగ్‌లో కూడా లీగ్‌ దశలో సమమైతే పాయింట్లు పంచుకుని ఇంటికెళ్లేవారు. 2025లో వచ్చిన పన్నెండో సీజన్లో ఆ పద్ధతికి చెల్లుచీటీ. ప్రతి మ్యాచ్‌కీ విజేత ఉండాల్సిందేనన్నారు. సీజన్‌ మొదలైంది ఎక్కడో కాదు, మన విశాఖపట్నంలోనే. ఆగస్టు 29న తొలి మ్యాచ్‌లో తెలుగు టైటాన్స్‌ 35-38తో తమిళ్‌ తలైవాస్‌ చేతిలో ఓడింది. సొంతగడ్డ మీద మూడు పాయింట్ల తేడాతో ఓటమి! ఆ ఉసూరుమన్న జనానికి అదేరోజు రెండో మ్యాచ్‌ కొసరు వడ్డించింది. పుణెరి పల్టన్‌, బెంగళూరు బుల్స్‌ 32-32తో సమం. టైబ్రేకర్లో పుణె 6-4తో గట్టెక్కింది. అప్పటిదాకా ఏ జట్టుదీ కాని ప్రేక్షకుడు కూడా ఆ పది కూతల్లో ఏదో ఒక పక్షం వహించక తప్పదు. తటస్థుడన్నవాడు టైబ్రేకర్‌కి ముందు మాత్రమే ఉంటాడు.

మంచు మీద కూడా ఇదే గోల

ఈ 'ఒక్క పాయింటుతో సరి' అన్న పద్ధతి మన కబడ్డీ సొత్తేమీ కాదు. మంచు గడ్డకట్టిన మైదానం మీద స్కేట్లు కట్టుకుని ఆడే ఐస్‌ హాకీలో ఇది ఇంకా కఠినం. ఉత్తర అమెరికాలోని ఎన్‌హెచ్‌ఎల్‌ ప్లేఆఫ్‌ మ్యాచ్‌ సమమైతే ఇరవై నిమిషాల అదనపు సమయం. అందులో గోలు పడకపోతే మరో ఇరవై... మరో ఇరవై. ఎవరో ఒకరు గోలు కొట్టేదాకా ఇంటికెళ్లేది లేదు. 1936 మార్చిలో డెట్రాయిట్‌ రెడ్‌ వింగ్స్‌, మాంట్రియల్‌ మరూన్స్‌ జట్లు అలా ఆరుసార్లు అదనంగా ఆడాయి. మొత్తం 176 నిమిషాల 30 సెకన్లు. ఆ తర్వాత ఒక్క గోలు. 1-0. అర్ధరాత్రి దాటేదాకా కూర్చున్న ప్రేక్షకుల ఓపికకు దండం పెట్టాల్సిందే.

2010 ఫిబ్రవరి 28న వాంకూవర్‌ శీతాకాల ఒలింపిక్స్‌ ఫైనల్‌ అయితే కెనడావాసులు ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. కెనడా 2-1తో గెలిచేసిందనుకుంటుండగా ఆట ముగియడానికి 24 సెకన్ల ముందు అమెరికా సమం చేసింది. దేశం నోట మాటలేదు. అదనపు సమయంలో ఏడు నిమిషాలు దాటాక సిడ్నీ క్రాస్‌బీ కొట్టిన గోలుతో అదే దేశం వీధుల్లోకొచ్చి చిందులేసింది. ఐస్‌ అంటే పుల్లఐసు, చేపల పెట్టెల్లో వేసే ఐసు తప్ప మరోటి ఎరగని ఉద్దానం కుర్రాడికి ఆ ఆట అర్థం కాకపోవచ్చు. ఆ చిందు మాత్రం ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇంత దూరమెందుకు, పొరుగునే భువనేశ్వర్‌ ఉంది. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా, రైలెక్కితే కొన్ని గంటల ప్రయాణం. 2023 జనవరి 22న అక్కడి కళింగ స్టేడియంలో హాకీ ప్రపంచకప్‌ క్రాస్‌ఓవర్‌ మ్యాచ్‌. న్యూజిలాండ్‌ మీద మనవాళ్లు 2-0, ఆపైన 3-1 ఆధిక్యంలో ఉన్నారు. క్వార్టర్‌ఫైనల్‌ ఖాయమనుకున్నారంతా. చివరికి 3-3. షూటౌట్‌ కూడా సమమై, 'సడెన్‌ డెత్‌'లో 4-5తో పోయింది. సొంత జనం మధ్య అలా ఓడిపోతే స్టేడియం నుంచి వెలుపలికి నడిచే వేలమందిలో ఒక్కరు కూడా పెద్దగా మాట్లాడరు. గెలుపు గోల చేయిస్తుంది, ఇలాంటి ఓటమి మాత్రం నోరు కట్టేస్తుంది.

గంటసేపు ఆగిన ఫైనల్‌

కబడ్డీ అభిమానుల ఓర్పుకు అసలు పరీక్ష 2023 అక్టోబరు 7. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలు. 1990లో ఆసియా క్రీడల్లో కబడ్డీ పెట్టినప్పటి నుంచీ స్వర్ణం మనదే అనుకుంటుంటే, 2018లో ఇరాన్‌ సెమీస్‌లోనే మన పురుషుల జట్టును ఇంటికి పంపింది. మహిళల ఫైనల్లోనూ వాళ్లదే పైచేయి. ఆ మంట చల్లారని రోజులవి. ఈసారి పొద్దున మహిళలు చైనీస్‌ తైపీ మీద 26-25తో గెలిచారు. ఒక్కటంటే ఒక్క పాయింటు! ఆ స్వర్ణంతోనే ఆ క్రీడల్లో భారత్‌ పతకాల లెక్క వందకు చేరింది.

పురుషుల ఫైనల్లో మళ్లీ ఇరానే. 28-28. ఆట ముగియడానికి నిమిషం పైచిలుకు మాత్రమే ఉంది. పవన్‌ సెహ్రావత్‌ 'డూ ఆర్‌ డై' కూతకెళ్లాడు. ఎవర్నీ తాకకుండానే బరి దాటి బయటపడ్డాడు. అతణ్ని పట్టబోయిన ఇరాన్‌ ఆటగాళ్లూ వెంటే గీత దాటారు. మరి పాయింటు ఎవరికి? పాత నిబంధన ప్రకారం ఒకలా, కొత్తదాని ప్రకారం ఒకలా. రిఫరీలు ఓసారి అటు, ఓసారి ఇటు. ఆటగాళ్లు బరిలోనే బైఠాయించారు. దాదాపు గంటసేపు ఆట ఆగింది. చివరికి మనకు మూడు, ఇరాన్‌కు ఒకటి ఇచ్చారు. 33-29తో స్వర్ణం మనకొచ్చింది. ఊళ్లో పోటీలు చూసి పెరిగినవాళ్లకు ఆ గంట కొత్తగా అనిపించి ఉండదు. గీత దాటాడా, ఎవరు ముందు దాటారన్న తగువు వాళ్లు చిన్నప్పటి నుంచీ చూస్తున్నదేగా! ఆ పవన్‌ సెహ్రావతే రెండు నెలలు తిరక్కుండా తెలుగు టైటాన్స్‌ కెప్టెన్‌గా బరిలోకి దిగాడు. ఆ సీజన్లో టైటాన్స్‌ది అట్టడుగు స్థానం. అభిమానులకు తిట్టాలో, జాలిపడాలో తెలియని పరిస్థితి. 2025లో అదే జట్టు ప్లేఆఫ్స్‌లో బెంగళూరునీ పట్నానీ దాటి రెండో క్వాలిఫయర్‌దాకా వెళ్లింది. అక్కడ పుణె చేతిలో 45-50తో ఆగిపోయింది. ఫైనల్‌కు ఒక్క అడుగు దూరం.

షీల్డు కన్నా పెద్దది

ఇన్ని స్టేడియాలు చూశాక మళ్లీ ఉద్దానం బరి దగ్గరికొస్తే... ఇక్కడ పందెం వేరు. బరిలో దిగే కుర్రాళ్లలో చాలామంది ఏడాదిలో పదకొండు నెలలు ఊళ్లో ఉండరు. ఒకడు హైదరాబాద్‌లో, ఒకడు చెన్నైలో, ఒకడు పోర్ట్‌బ్లెయిర్‌లో, మరొకడు గల్ఫ్‌లో. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస ప్రాంతం మీద విరుచుకుపడి కొబ్బరి, జీడి తోటల్ని నేలకూల్చాక ఆ వలస ఇంకా పెరిగిందేగానీ తగ్గలేదు. కొబ్బరిమొక్క నాటితే కాపుకు ఏళ్లు పడుతుంది. ఇంట్లో తిండిగింజలు అన్నాళ్లు ఆగవు. దానికితోడు కిడ్నీ జబ్బు. ఏ ఇంట్లో తండ్రికో, పెదనాన్నకో డయాలసిస్‌ నడుస్తుంటే ఆ ఇంటి కుర్రాడు చదువు మానేసి రైలెక్కడం ఇక్కడ వింత కాదు. 2023 డిసెంబరులో పలాసలో రెండొందల పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. అంతకుముందు డయాలసిస్‌ కోసం విశాఖదాకా పరుగులు తీసిన కుటుంబాలెన్నో.

అలాంటి ఊరికి పండగ నాలుగు రోజులూ కుర్రాళ్లు తిరిగొస్తారు. భోగినాడు జట్టు పోగవుతుంది. కనుమ అయ్యాక ఎవరి రైలు వారిది. అందుకే ఆ ఆఖరి కూత కేవలం షీల్డు కోసం కాదు. ఈసారి ఓడితే 'వచ్చే వారం చూసుకుందాం' అనడానికి వీల్లేదు. మళ్లీ ఏడుగురూ కలిసేది వచ్చే సంక్రాంతికి. అప్పటికి ఎవరికి సెలవు దొరుకుతుందో, ఎవరికి పెళ్లవుతుందో, ఎవరి మోకాలు సహకరిస్తుందో! ఇంటి ముంగిట్లో కుర్చీ వేయించుకుని ఆట చూసే పెద్దాయనకు ఆ సంగతి అందరికన్నా బాగా తెలుసు. మనవడు పాయింటు తెచ్చాడా లేదా అని అడగడు. 'దెబ్బ తగల్లేదు కదా' అని అడుగుతాడు. పొద్దున బండెక్కాల్సినవాడు కదా మరి!

గెలిచిన ఊరి సంబరం చూడాలి. కూతగాణ్ని భుజాలకెత్తుకుని, డప్పులతో అమ్మవారి గుడిదాకా తీసుకెళ్తారు. గుమ్మాల్లో అక్కలూ వదినలూ నీళ్లచెంబులతో ఎదురొస్తారు. ఇసక, చెమట, పసుపు కలిసి ఆ కుర్రాడి ఒళ్లు గుర్తుపట్టలేనట్టు ఉంటుంది. ఆ రాత్రికి అతనే హీరో. వారం తిరిగేసరికి ఏ అపార్ట్‌మెంట్‌ పనిలోనో ఇటుకలు మోస్తుంటాడు. ఫోన్‌లో మాత్రం ఆ ముప్పై సెకన్ల వీడియో పదిలం. తోటి పనివాళ్లకు చూపిస్తూ 'ఇదుగో, ఇక్కడ సూడు... బోనస్‌ తీసేసినాను' అని మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పుతాడు.

ఓడిన ఊరివాళ్లు ఆ వీడియోలోనే అతని కాలు గీత మీద పడలేదని చూపిస్తుంటారు.

ఊళ్లలో గోల్డెన్‌ రైడ్‌ కూడా తేలని సందర్భాలుంటే నిర్వాహకులు టాస్‌ జోలికి పోకపోవడమే మంచిదంటారు అనుభవజ్ఞులు. నాణెం నేలమీద పడేలోపు రెండు ఊళ్లవాళ్లూ బరిలో పడతారన్న భయం! నగదు చెరిసగం చేసి, షీల్డు ఆర్నెల్లు ఇక్కడా ఆర్నెల్లు అక్కడా అని ఒప్పిస్తే ఆ రాత్రికి గొడవ సద్దుమణుగుతుంది. ముందు ఆర్నెల్లు ఏ ఊరన్నది తేల్చడమే మిగులుతుంది.