మంజీర నీటికి వాటా ఉంది, గాలికేది?

తెలంగాణలోని రాయికోడ్ నుంచి కర్ణాటకలోని బీదర్‌కు సూటిగా లెక్కేస్తే ముప్పై కిలోమీటర్ల చుట్టుపక్కల. మధ్యలో రాష్ట్రం మారుతుంది. 1956 నవంబరు 1 దాకా ఈ ప్రాంతంలోని జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలోనే ఉండేది. రాష్ట్రాల పునర్విభజనతో మెదక్‌లో కలిసింది, 2016లో సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. ఈ సరిహద్దు దాటి వచ్చే మంజీర నీళ్లలో ఎవరి వాటా ఎంతో గోదావరి జల వివాదాల ట్రిబ్యునల్ 1980లోనే తేల్చింది. అదే సరిహద్దు దాటే గాలి ఎవరి పూచీయో మాత్రం ఈనాటికీ ఎవరూ తేల్చలేదు.

వానాకాలంలో గాలి పడమర, నైరుతి నుంచి వీస్తుంది. హుమ్నాబాద్, బీదర్ పారిశ్రామిక వాడలు ఆ దిక్కునే ఉన్నాయి. ఇంకా దూరంలో సోలాపూర్, కుడ్గి థర్మల్ విద్యుత్ కేంద్రాలున్నాయి. కుడ్గి ఒక్కదాని సామర్థ్యమే 2,400 మెగావాట్లు. వాన గాలిని కడుగుతుంది కనుక ఆ నెలలు కొంత నయం. చలికాలంలో దిక్కు మారుతుంది. తూర్పు, ఈశాన్యాల నుంచి వచ్చే గాలి హైదరాబాద్, పటాన్‌చెరుల మురికిని మోసుకొచ్చి, ఇక్కడి పొలాల పొగను కూడా కలుపుకొని బీదర్ వైపు సాగుతుంది. గంటకు పది కిలోమీటర్ల మెల్లని గాలికైనా రాయికోడ్ నుంచి బీదర్ దూరం మూడు గంటల పనే. కాబట్టి ‘వాళ్ల పొగ మన మీద పడుతోంది’ అనే మాట సగమే నిజం. మన పొగా వాళ్ల మీద పడుతోంది.

ఆఖరి తీత అయ్యాక పత్తి కట్టెకు, కోత అయ్యాక చెరకు ఆకు చెత్తకు నిప్పు పెట్టడం మన పల్లెల్లో మామూలే. ఇందుకు రైతునొక్కణ్ణే నిందించడం నాకు న్యాయంగా తోచదు. కట్టెను ముక్కలు చేసి నేలలో కలిపే యంత్రం కిరాయి భరించలేనివాడికి అగ్గిపుల్లే దిక్కు.

కంటికి కనిపించే పొగ కన్నా కనిపించనిదే ఎక్కువ దూరం పోతుంది. బొగ్గు కాలినప్పుడు వెలువడే సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో రోజుల తరబడి తిరుగుతూ, అమోనియా వంటి వాయువులతో కలిసి సన్నని ధూళి కణాలవుతుంది. 2.5 మైక్రాన్లకు మించని ఈ కణాలు ఊపిరితిత్తుల లోపలి దాకా దిగి, గుండెనూ దెబ్బతీస్తాయి. వీటి ఏడాది సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటొద్దని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన దేశ ప్రమాణం 40.

పంటకూ ముప్పుంది. వాహనాలు, ఫ్యాక్టరీలు వదిలే వాయువుల మీద ఎండ పడితే నేల దగ్గర ఓజోన్ పుడుతుంది. అది పట్నంలో కన్నా గాలివాలున ఉన్న పల్లెల్లోనే ఎక్కువగా చేరడం కద్దు. సోయాబీన్ దాన్ని అంతగా తట్టుకోలేదు. దిగుబడి తగ్గితే రైతు వానను తిట్టుకుంటాడు, విత్తనాన్ని అనుమానిస్తాడు. గాలి మీద ఎవరికీ అనుమానం రాదు.

1994లో ఐక్యరాజ్యసమితి మానవాభివృద్ధి నివేదిక, మహబూబుల్ హక్ సారథ్యంలో, భద్రత అంటే సరిహద్దు కాపలా ఒక్కటే కాదని చెప్పింది. ఆదాయం, తిండి, ఆరోగ్యం, పర్యావరణం కూడా భద్రతేనంది. చెడిన గాలి ఈ నాలుగింటినీ ఒకేసారి కొడుతుంది. ఆయాసంతో మంచం పట్టిన కూలీకి ఆ రోజు కూలి పోతుంది, మందుల ఖర్చు మీద పడుతుంది. తలుపులు మూసుకుని కలుపు తీయలేం కదా!

మన లెక్కలు మాత్రం పట్నాల చుట్టూనే తిరుగుతున్నాయి. 2019లో మొదలైన జాతీయ శుద్ధ గాలి కార్యక్రమంలో ఇటు పటాన్‌చెరు ఉంది, అటు కలబురగి ఉంది. నడుమ ఉన్న రాయికోడ్ లాంటి పల్లెలు లేవు. సల్ఫర్‌ను అదుపు చేసే పరికరాల విషయంలో 2025 జులైలో కేంద్రం ఎక్కువ భాగం థర్మల్ కేంద్రాలకు మినహాయింపునిచ్చింది. తప్పనిసరి చేసింది ప్రధానంగా ఢిల్లీ పరిసర ప్రాంతానికో, పది లక్షలు దాటిన నగరానికో పది కిలోమీటర్ల లోపు ఉన్నవాటికే. వందల కిలోమీటర్లు పోయే పొగకు పది కిలోమీటర్ల గిరి గీయడం తప్పు.

దేశాల మధ్యే దారి దొరికింది. కెనడాలోని ట్రెయిల్ లోహ కర్మాగారం పొగ అమెరికా పొలాలను పాడుచేస్తే, ఒక దేశపు పొగ మరో దేశానికి హాని చేయడానికి వీల్లేదని 1941లో మధ్యవర్తులు తీర్పు చెప్పారు. మన 1981 వాయు కాలుష్య చట్టం 16వ సెక్షన్ కూడా రాష్ట్ర మండళ్ల మధ్య వివాదాలు తీర్చే బాధ్యతను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలికి అప్పగించింది. ఢిల్లీ చుట్టుపక్కల రాష్ట్రాలన్నిటికీ కలిపి 2021లో చట్టబద్ధమైన కమిషన్ వచ్చింది. దక్కన్‌కు అలాంటిది లేదు.

కావలసినవి పెద్ద కోరికలేం కావు: సరిహద్దు మండలాల్లో గాలిని కొలిచే కేంద్రాలు, పంట కట్టెకు సబ్సిడీ యంత్రాలు, రెండు రాష్ట్రాల ఉమ్మడి లెక్క. గ్రామసభల్లో తీర్మానం చేసి అడగండి. వినకపోతే ఇంకో దారి ఉంది: తెలంగాణ, కర్ణాటక రెండూ చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనం పరిధిలోనివే. రాయికోడ్ రైతు, బీదర్ రైతు ఒకే గడప తొక్కవచ్చు.