బేరియాట్రిక్ సర్జరీ: 120 కిలోల మనిషి ఆపరేషన్ తర్వాత 60 కిలోలకు వస్తారా..? అసలు లెక్క ఇదీ!

రీల్స్‌లో బిఫోర్, ఆఫ్టర్ ఫొటోలు చూస్తే బేరియాట్రిక్ సర్జరీ ఏదో మ్యాజిక్‌లా కనిపిస్తుంది. ఎడమ పక్కన భారీకాయం.. కుడి పక్కన నాజూగ్గా అదే మనిషి. అయితే ఆ రెండో ఫొటో ఆపరేషన్ అయిన ఏడాదికి తీసిందా, ఐదేళ్లకు తీసిందా అన్నది అక్కడ ఉండదు. అసలు విషయమంతా అందులోనే ఉంది. ఎంత తగ్గుతామన్నది ముందే సరిగ్గా తెలియకపోతే, తర్వాత బరువు ఆగిపోయినప్పుడు 'ఆపరేషన్ ఫెయిలైంది' అనుకుంటారు. చెకప్‌లకు వెళ్లడం మానేస్తారు, విటమిన్ మాత్రలు పక్కన పెట్టేస్తారు. అసలు ప్రమాదం అక్కడి నుంచే మొదలవుతుంది.

70 శాతం అంటే దేనిలో 70 శాతం..?

చాలామంది పొరబడేది ఇక్కడే. డాక్టర్ '60 నుంచి 70 శాతం తగ్గుతారు' అంటే మొత్తం శరీర బరువులో అని కాదు. ఉండాల్సిన దానికంటే అదనంగా ఉన్న బరువులో అని అర్థం.

ఉదాహరణకు 160 సెంటీమీటర్ల ఎత్తున్న ఒకరి బరువు 120 కిలోలు అనుకుందాం. వారి బీఎంఐ దాదాపు 47. అదే ఎత్తుకు బీఎంఐ 25 కావాలంటే బరువు 64 కిలోలు ఉండాలి. అంటే అదనపు బరువు 56 కిలోలు. అందులో 60 నుంచి 70 శాతం పోయిందంటే తగ్గేది 34 నుంచి 39 కిలోలు. ఏడాది, ఏడాదిన్నర తర్వాత కాటా మీద కనిపించేది 81 నుంచి 86 కిలోల మధ్య. వైద్యుల లెక్కలో ఇది మంచి ఫలితమే. 60 కిలోలు ఊహించుకున్న మనిషికి మాత్రం నిరాశే మిగులుతుంది.

ఐదేళ్ల తర్వాత ఏమవుతుంది..?

ఫిన్లాండ్‌లో 240 మందిపై చేసిన ఓ అధ్యయనం ఫలితాలు 2018లో 'జామా' జర్నల్‌లో వచ్చాయి. ఐదేళ్లు గడిచేసరికి స్లీవ్ చేయించుకున్నవారిలో అదనపు బరువు సగటున 49 శాతం, బైపాస్ చేయించుకున్నవారిలో 57 శాతం తగ్గింది. ఈ సగటును పైన చెప్పిన 120 కిలోల మనిషికి వర్తింపజేస్తే ఐదేళ్ల తర్వాత బరువు 88 నుంచి 93 కిలోల దగ్గర ఉంటుంది.

అంటే తగ్గినదాంట్లో కొంత తిరిగి రావడం మామూలే. మొదటి ఆరు నెలల్లో బరువు వేగంగా దిగుతుంది. 12 నుంచి 18 నెలల మధ్య దాదాపుగా ఆగిపోతుంది. రెండేళ్లు దాటాక కొన్ని కిలోలు మళ్లీ పెరుగుతాయి. మధ్యలో రెండు మూడు వారాలు కాటా ముల్లు అస్సలు కదలకపోవచ్చు. వీటిలో ఏదీ ఫెయిల్యూర్ కాదు.

మరి ఇంత చిన్న మార్పుకు ఆపరేషన్ ఎందుకు..?

ఎందుకంటే లాభం కాటా మీదే కాదు, రక్త పరీక్షల్లోనూ ఉంటుంది. అమెరికాలో షుగర్ ఉన్న 150 మందిపై చేసిన 'స్టాంపీడ్' అధ్యయనంలో ఐదేళ్ల తర్వాత హెచ్‌బీఏ1సీ 6 లేదా అంతకంటే తక్కువకు వచ్చింది ఎంతమందికో తెలుసా..? మందులు మాత్రమే వాడినవారిలో 5 శాతానికి. స్లీవ్ చేయించుకున్నవారిలో 23 శాతానికి, బైపాస్‌లో 29 శాతానికి. తేడా పెద్దదే. అయితే ఆపరేషన్ చేయించుకున్నా ఎక్కువమంది ఆ స్థాయికి రాలేదన్నదీ ఇందులోనే ఉంది. 'సర్జరీతో షుగర్ మాయం' అనే ప్రకటనలను ఈ అంకెలతో పోల్చి చూసుకోవాలి.

స్వీడన్‌లో వేలమందిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో కూడా, సర్జరీ చేయించుకోనివారితో పోలిస్తే చేయించుకున్నవారిలో మరణాల ముప్పు దాదాపు పావు వంతు తక్కువగా తేలింది. ఈ ఫలితాలు 2007లో వెలువడ్డాయి. నిద్రలో శ్వాస ఆగే సమస్య, బీపీ, మోకాళ్ల నొప్పులు కూడా చాలామందిలో తగ్గుతాయి.

లోపల జరిగే మార్పు ఇదీ

స్లీవ్ సర్జరీలో జీర్ణాశయాన్ని దాదాపు 75 నుంచి 80 శాతం కోసి తీసేస్తారు. మిగిలేది అరటిపండు ఆకారంలో ఉండే సన్నని గొట్టం. తీసేసిన భాగాన్ని మళ్లీ పెట్టడం కుదరదు. కొందరిలో స్లీవ్ తర్వాత ఎసిడిటీ, గుండెలో మంట పెరుగుతాయి. బైపాస్‌లో చిన్న సంచిలాంటి భాగాన్ని వేరు చేసి నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. ఇందులో ఐరన్, కాల్షియం, బీ12 లాంటివి ఒంటికి పట్టడం తగ్గుతుంది. అందుకే మాత్రలు ఏడాదో రెండేళ్లో కాదు.. జీవితాంతం.

తిండి విషయంలో ఇవి తప్పనిసరి

మొదటి వారాల్లో పల్చటి మజ్జిగ, పప్పుకట్టు లాంటి ద్రవాలు, తర్వాత మెత్తగా చేసినవి, ఆ తర్వాతే మామూలు తిండి. ఎప్పుడు ఏది మొదలుపెట్టాలో ఆస్పత్రి డైటీషియన్ చెప్పినట్టే చేయాలి.

రోజుకు కనీసం 60 గ్రాముల ప్రోటీన్ అందాలి. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే. చిన్న పొట్టలో ముందు అన్నం వేసేస్తే ప్రోటీన్‌కు చోటుండదు. కాబట్టి కంచంలో ముందు గుడ్డు, చేప, చికెన్, పనీర్ లేదా గట్టి పప్పు.. ఆ తర్వాతే అన్నం.

తింటూ నీళ్లు తాగొద్దు. అరగంట ఆగి కొద్దికొద్దిగా తాగాలి. బైపాస్ అయినవారు బొబ్బట్టో, తియ్యటి జ్యూసో తీసుకుంటే చెమటలు, గుండెదడ, కళ్లు తిరగడం రావచ్చు. దీన్నే డంపింగ్ అంటారు.

ఇంట్లోవాళ్లకూ ఓ మాట. 'ఇంత తింటే ఏం సరిపోతుంది, ఇంకో ముద్ద తిను' అని బలవంతం చేస్తే నొప్పి, వాంతులు వస్తాయి. ఇక్కడ కొసరి కొసరి వడ్డించడం ప్రేమ కాదు.

ఈ పొరపాట్లు చేయొద్దు

ఒళ్లు నొప్పులని మెడికల్ షాపులో ఏదో ఒక పెయిన్ కిల్లర్ కొనేసి వేసుకోవద్దు. ముఖ్యంగా బైపాస్ తర్వాత ఇబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి పుండ్లు తెప్పిస్తాయి.

షుగర్, బీపీ మాత్రలు పాత డోసులోనే వేసుకుంటూ పోతే షుగర్ పడిపోవచ్చు. అలాగని సొంతంగా మానేయడమూ తప్పే. డోసు డాక్టరే మార్చాలి.

బైపాస్ తర్వాత మద్యం చాలా త్వరగా తలకెక్కుతుంది. అలవాటుగా మారే ముప్పూ ఎక్కువే.

మహిళలు 12 నుంచి 18 నెలల వరకు గర్భం వాయిదా వేసుకోవాలి. బరువు తగ్గాక ఆగిపోయిన నెలసరి మళ్లీ మొదలై, అనుకోకుండా గర్భం వచ్చే అవకాశం ఉంది. గర్భనిరోధక మాత్రలు బైపాస్ తర్వాత సరిగ్గా పనిచేయకపోవచ్చు. ఏ పద్ధతి వాడాలో ఆపరేషన్‌కు ముందే డాక్టర్‌ను అడగాలి.

ఇవి కనిపిస్తే కంగారు వద్దు.. ఇవైతే ఆలస్యం వద్దు

మూడు నుంచి ఆరు నెలల మధ్య జుట్టు రాలడం చాలామందికి జరిగేదే. పోషకాలు సరిగ్గా అందితే చాలావరకు మళ్లీ వస్తుంది. చర్మం వదులై వేలాడటం కూడా మామూలే. వ్యాయామంతో అది పూర్తిగా పోదు.

ఆపరేషన్ అయిన మొదటి రోజుల్లో జ్వరం, తగ్గని గుండెదడ, పెరిగే కడుపునొప్పి, ఆయాసం, ఒక కాలి పిక్కలో వాపు.. వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. వాంతులు రోజుల తరబడి ఆగకపోతే విటమిన్ బీ1 పడిపోయి నరాలు, మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. 'అదే తగ్గుతుందిలే' అని కూర్చోవద్దు. కుడి పక్కటెముకల కింద నొప్పి వస్తుంటే గాల్‌స్టోన్స్ ఏమో చూపించుకోవాలి. బరువు వేగంగా తగ్గేవారిలో ఇవి ఎక్కువ.

ఆపరేషన్‌కు ముందే అడగాల్సిన ప్రశ్నలు

ఏడాదికి కాదు, ఐదేళ్లకు నా బరువు ఎంత ఉండొచ్చు..? అదీ శాతాల్లో కాదు, కిలోల్లో చెప్పండి. డైటీషియన్ ఎన్నాళ్లు అందుబాటులో ఉంటారు..? మాత్రలకు, రక్త పరీక్షలకు ఏటా ఎంత ఖర్చవుతుంది..? మొదటి ఏడాది మూడు, ఆరు, పన్నెండో నెలల్లో, ఆ తర్వాత ఏటా ఒకసారి పరీక్షలు చేయించుకోవడం సాధారణ పద్ధతి. బరువు మళ్లీ పెరుగుతోందని సిగ్గుపడి చెకప్ ఎగ్గొట్టేవారే ఎక్కువ నష్టపోతారు. నిజానికి డాక్టర్ దగ్గరికి తప్పకుండా వెళ్లాల్సింది అప్పుడే.

(గమనిక: ఇది అవగాహన కోసం ఇచ్చిన సమాచారం మాత్రమే. సర్జరీ, మందులు, ఆహారం విషయంలో మీ డాక్టర్ సలహానే పాటించండి.)