పసిబిడ్డతో సంభాషణ

ఇంటిలో ఉదయం మొదలు రాత్రి వరకు రేడియో పలుకుతూ ఉంటే, ఊయలలోని పసిబిడ్డకు మంచి తెలుగు దానంతట అదే అలవడుతుందని భావించేవారు కొందరున్నారు. మాట్లాడటమే వృత్తిగా గలవాణ్ణి కనుక నేనూ ఒకప్పుడు అట్లే భావించాను. అది పొరపాటని మా పాపాయి నేర్పింది. నా ప్రసంగం రేడియోలో వస్తున్నంతసేపూ తన కాలివేళ్ళతో ఆడుకొనేదట. నేను ఇంటికి వచ్చి, "ఏమమ్మా!" అని పలకరించగానే నా నోటివంక కన్నార్పక చూచి, "ఊఁ" అనేది.

ఇందులోని కారణాన్ని శాస్త్రజ్ఞులు పరిశోధించినారు. పసివాని చెవి మొదట ఏ భాషకైనా సిద్ధంగానే ఉంటుంది. మన 'త'కు, 'ట'కు గల భేదం ఇంగ్లీషులో లేదు. అయినా ఇంగ్లీషు కుటుంబాలలోని ఆరు, ఎనిమిది నెలల మధ్య శిశువులు హిందీలోని ఆ భేదాన్ని గుర్తించగలిగినారనీ, ఏడాది నిండే వేళకు ఆ శక్తి చాలవరకు సన్నగిల్లిందనీ కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రకటించినారు. అంటే తొలి ఏటనే చెవి తన ఇంటి భాషకు అనుగుణంగా కుదురుకొంటున్నదన్నమాట.

అయితే అందుకు వినికిడి ఒక్కటే చాలునా? 2003లో అమెరికాలో పట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల శిశువులకు చీనా భాష వినిపించింది. 25 నిమిషాల చొప్పున 12 పర్యాయాలు. మనిషి ఎదుట కూర్చుండి, బొమ్మలు చూపుతూ ముచ్చటించినప్పుడు పిల్లలు ఆ భాషాధ్వనులను పట్టుకొన్నారు. టెలివిజన్ తెరపై చూచినవారు, ధ్వనిముద్రణ మాత్రమే విన్నవారు పట్టుకొనలేకపోయినారు. యంత్రంలోని గొంతు బిడ్డ చూపును అనుసరించదు. బిడ్డ పలికితే ఆగదు. మనిషి గొంతు ఆగుతుంది, బదులిస్తుంది.

కాబట్టి తల్లిదండ్రులు చేయవలసినది స్వల్పమే. బిడ్డకు నీళ్ళు పోయబోతూ, "లాల పోసుకొందామా?" అని అడిగి ఒక్క క్షణం ఆగండి. బిడ్డ "ఊఁ" అన్నా, కాళ్ళు ఆడించినా అదే ప్రత్యుత్తరం. దానికి మీరు మరల బదులు పలకండి. "బూ" అంటే తప్పు దిద్దనక్కరలేదు. "అవును, బువ్వ! వేడివేడి బువ్వ!" అని ఆ మాటనే కొంత పెంచి తిరిగి అందించండి. బిడ్డ కాకివంక చూస్తుంటే కాకిని గురించియే మాట్లాడండి. ఇందుకు పాండిత్యం అక్కరలేదు. ప్రత్యేకించి తీరిక కూడా అక్కరలేదు. అక్షరం రాని అమ్మమ్మలు తరతరాలుగా వంటయింటి గడపలో కూర్చుండి చేస్తున్న పని ఇదే.

రేడియో పాటను మీరు విని, బిడ్డను ఒడిలోకి తీసుకొని పాడితే అది వానికి చేరుతుంది. కాని మా కార్యక్రమం సాగుతుండగా ఊయలలో నుంచి మిమ్మల్ని ఎవరైనా పిలిస్తే, దయచేసి మా గొంతు తగ్గించండి. ఆ పిలుపుకు మేము బదులు పలకలేము.